నేలమాళిగలో హోరు



ప్రతి మాసమును ఈ శీర్షిక క్రింద గృహమునకు సంబంధించిన యేదో యొక విషయమును మీతో ముచ్చటించుట మాకు పరిపాటి. ఈ మాసమున ఏమి వ్రాయుదుమా యని యోచించుచుండగా ఒక సోదరి వ్రాసిన జాబు మాకు చేరినది. అది వంటను గూర్చినది కాదు, వైద్యమును గూర్చినదియు కాదు. హోరును గూర్చినది.

ఆమె వ్రాసిన దాని సారాంశ మిది. ఆమెకు 17 ఏండ్ల కుమారుడును, 15 ఏండ్ల కుమార్తెయు గలరు. కుమారుడు తాను కూడబెట్టుకొనిన సొమ్ముతో విద్యుత్తుతో మ్రోగు గిటారు నొకదానిని కొనినాడు. ప్రతి ఆదివారమును మువ్వురు స్నేహితులు డ్రమ్ములతోను, తక్కిన సరంజామాతోను వచ్చి, మేడమీది గదిలో చేరి రాక్ సంగీతమును సాధన చేయుచున్నారు. గోడలు అదరుచున్నవి. పొరుగువారు రెండుమార్లు వచ్చి చెప్పిపోయిరి. ఇంటి యజమాని ఆ పెట్టెలన్నిటిని వీధిలో పారవేయింతునని కోపించుచున్నారు. ఇచ్చట వలదన్నచో మరెచ్చటికైనను పోయెదనని కుమారుడు బదులు చెప్పుచున్నాడు. ఇరువురి నడుమ తాను అడకత్తెరలో పోకచెక్క వలె నున్నానని ఆ తల్లి వాపోయినది. పైగా వచ్చు నెలలో ఊరిలోని యొక చిన్న హాలులో వీరి కచేరి జరుగునట. "పంపవచ్చునా, పంపరాదా? ఈ హోరును ఇంటిలో నుంచవచ్చునా, ఉంచరాదా?" యని ఆమె ప్రశ్న.

అవుననియో కాదనియో ఒక్కమాటలో చెప్పుట సులభమే. కాని అట్లు చెప్పిన మాట ఇంటిలో నిలువదు. కావున ముందుగా ఒక తల్లి కథను చెప్పెదము. ఆమె కాపురముండినది ఇంగ్లాండులోని లివర్‌పూల్ నగరమున. పుట్టినది మాత్రము మన ఢిల్లీలో. ఆమె పెద్దకుమారుడు పుట్టినది మన చెన్నపట్టణములో. ఆమె పేరు మోనా బెస్ట్.

మోనా 1924లో జన్మించెను. ఆమె కుమారుడు పీట్ 1941 నవంబరు 24వ తేదీన మద్రాసులో జన్మించెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన 1945లో ఆమె భర్తతోను, ఇద్దరు కుమారులతోను ఓడనెక్కి లివర్‌పూల్ చేరెను. కొన్ని యేండ్లకు వెస్ట్ డర్బీ యను పేటలో, హేమన్స్ గ్రీన్ అను వీధిలో 15 గదుల పాత యిల్లొకటి వారి సొంతమైనది. ఆ యింటి కొనుగోలును గూర్చి వారి కుటుంబములో ఒక కథ చెప్పుకొందురు. 1954లో ఎప్సమ్ నగరమున జరిగిన పెద్ద గుర్రపు పందెములో 'నెవర్ సే డై' యను గుర్రము ఒకటికి ముప్పదిమూడు రెట్ల లెక్కన గెలిచెను. దానిని నడిపినవాడు 18 ఏండ్ల లెస్టర్ పిగ్గాట్. మోనా తన నగలను కుదువబెట్టి ఆ గుర్రముపై పందెము కాచెననియు, వచ్చిన సొమ్ము ఇంటికి ఉపకరించెననియు కథ. సోదరీమణులు ఈ పద్ధతిని మాత్రము అనుకరింపవలదని మా మనవి. గెలిచినవారి కథలే మన చెవిని పడును గాని, నగలు పోగొట్టుకొనినవారు తమ కథలను చెప్పుకొనరు గదా!

ఆ యింటికి కుమారుల స్నేహితులు గుంపులుగా వచ్చి పోవుచుండిరి. వారికి సంగీతముపై మోజు. ఆ దినములలోనే లండను నగరమున '2 ఐస్' అను చిన్న కాఫీ దుకాణపు నేలమాళిగలో యువకులు పాడుచుండుటను గూర్చిన కార్యక్రమమును మోనా టెలివిజనులో చూచెను. తన యింటి క్రిందను నేలమాళిగ కలదు. బొగ్గును పాత సామానులను పడవేయు చోటది. దానిని శుభ్రము చేసి, పిల్లలకు పాడుకొను చోటుగా ఏల మార్చరాదని ఆమెకు తోచెను.

తోచినదే తడవుగా పని మొదలయ్యెను. పాడుటకు రాబోవు పిల్లల చేతికే ఆమె రంగుకుంచె లిచ్చెను. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్ అను వారు అప్పటికి ఎవరికిని తెలియని కుర్రవాండ్రు. వారును గోడలకు, కప్పులకు రంగులు వేసిరి. పాల్ ఒక గది కప్పుపై ఇంద్రధనుస్సు వన్నెలను దిద్దెను. తరువాత జాన్‌కు భార్యయైన సింథియా ఒక గోడపై అతని నీడరూపమును చిత్రించెను. మోనా స్వయముగా ఒక గోడపై పెద్ద డ్రాగనును వ్రాసెను. ఆ చిత్రములు నేటికిని ఆ గోడలపై నిలిచియున్నవి. ఆ చోటికి 'కాస్బా కాఫీ క్లబ్బు' అని పేరు పెట్టిరి.

1959 ఆగస్టు 29వ తేదీన కాస్బా తలుపులు తెరువబడెను. సుమారు 300 మంది వచ్చిరి. వారందరును దిగవలసినది ఒక యింటి క్రింది చిన్న చిన్న గదులలోనికి! కప్పు తలకు అందునంత దగ్గర. గాలి చొరబడు త్రోవ తక్కువ. ఆగస్టు వేడికి మనుష్యుల వేడి తోడయ్యెను. వేదిక యని చెప్పదగిన దేదియు లేదు. పాడువాని గిటారు కొసకును, వినువాని భుజమునకును నడుమ జానెడు దూర ముండినచో గొప్ప. నాటి పాటకాండ్రు జాన్, పాల్, జార్జ్, కెన్ బ్రౌన్ అను నలుగురు. అప్పటికి వారి మేళము పేరు 'క్వారీమెన్'. వారికి డ్రమ్ములు వాయించువాడు లేడు. నాలుగు గిటారులతోనే తాళమును నిలుపవలెను. అయినను ఆ రాత్రి అందరును గంతులు వేసిరి.

ఇంత చిన్న చోట ఇంత ఉత్సాహ మెట్లు పుట్టునని మీ రడుగవచ్చును. దానికి కారణములు కలవు. విద్యుత్ గిటారులో ఉక్కు తీగెల క్రింద అయస్కాంతమును, దానికి చుట్టిన సన్నని రాగి తీగెయు ఉండును. ఉక్కు తీగె కదలినప్పుడెల్ల రాగి చుట్టలో చిన్న విద్యుత్ప్రవాహము పుట్టును. ఆంప్లిఫయరు అను పెట్టె దానిని పెద్దది చేసి స్పీకరునకు పంపును. కావున మెల్లగా మీటినను గది నిండును. చిన్న గదిలో గట్టి గోడలకును, తక్కువ యెత్తు కప్పునకును తగిలిన ధ్వని బయటికి పోజాలక మరల మరల వెనుకకు వచ్చును. ఇక రాక్ సంగీతపు తాళము సామాన్యముగా నాలుగు దెబ్బలది. అందులో రెండవదానిపైనను, నాలుగవదానిపైనను ఊనిక పడును. ఆ ఊనిక వినువారి అరచేతులను, పాదములను తనంతట కదలించును. ఏకాహ భజనలో చిడతల వేగము హెచ్చుకొలది కూర్చున్నవారు లేచి నిలుచుట మన మెరిగినదే. ఇదియు అట్టిదే. పెద్ద మైదానములో పాటకాడు చీమంతగా కనబడును. చిన్న గదిలో అతని నుదుటి చెమట కనబడును, అతడు తప్పు వాయించి నవ్వుకొనుట కనబడును. వినువారి కేక అతనికి తగులును, అతని పాట మరింత పుంజుకొనును. ఆ యిచ్చిపుచ్చుకొనుటయే చిన్న కచేరికి ప్రాణము.

అయితే మోనా తలుపు తెరచి ఊరకుండలేదు. ఆ చోటికి ఆమె హద్దులు గీచెను. సంవత్సర చందా అర క్రౌను, అనగా రెండున్నర షిల్లింగులు, చెల్లించి సభ్యులైనవారికే ప్రవేశము. అల్లరిమూకలు రాకుండుటకే ఈ యేర్పాటు. కాఫీ, చల్లని పానీయములు, తినుబండారములు దొరకును గాని మద్యము దొరకదు. పిల్లలెవరో, ఎవరితో వచ్చుచున్నారో ఇంటి తల్లికి తెలియుచుండెను. ఆమె గీచిన హద్దులను ఎవరును కాదనలేకపోయిరి. ఏలయన ఆ చోటు ఆమె యిచ్చినది.

ఆమె న్యాయబుద్ధికి ఒక యుదాహరణము చెప్పెదము. పాటకాండ్రకు రాత్రికి మూడు పౌనులు, అనగా తలకు 15 షిల్లింగుల చొప్పున ఆమె యిచ్చుచుండెను. 1959 అక్టోబరులో ఒక శనివారము కెన్ బ్రౌన్ జలుబుచే వాయింపలేకపోయెను. మోనా అతనికి తలుపు వద్ద పని యిచ్చి, రాత్రి చివర అతని 15 షిల్లింగులను అతనికే చెల్లించెను. తక్కిన మువ్వురును ఇందుకు ఒప్పుకొనలేదు. వాయింపని వానికి సొమ్మేల యని వాదించిరి. జబ్బుపడిన వాని కూలి కోయుట ఆమెకు నచ్చలేదు. మువ్వురును అలిగి వెడలిపోయిరి. అప్పటికి ఊరిలో పేరు తెచ్చుచున్న మేళమది. అయినను ఆమె మాట మార్చలేదు. తరువాత వారే మరల ఆ గుమ్మము త్రొక్కిరి. ఇట్టి న్యాయమును ఇంటిలో పిల్లల నడుమ పంచిపెట్టుట మన మెల్లరము ప్రతిదినమును చేయుచున్న పనియే కదా! ఆమె దానిని నేలమాళిగలో చేసెను.

పీట్‌కు డ్రమ్ములపై మనసుపడగా తల్లి కొనియిచ్చెను. 1960 ఆగస్టులో అతడు జాన్ మున్నగువారి మేళములో చేరి జర్మనీలోని హాంబర్గు నగరమునకు పోయెను. అప్పటికి ఆ మేళము 'బీటిల్స్' అను పేరు తాల్చినది. అచ్చట చిన్న క్లబ్బులలో రాత్రికి గంటలకొలది వాయించి వాయించి వారు రాటుతేలిరి. 1960 డిసెంబరు 17వ తేదీన కాస్బాలో వారి కచేరి మరల జరిగెను. నాలుగు నెలల క్రిందట చూచినవారు ఇప్పుడు ఆశ్చర్యపడిరి. పీట్ పాదముతో మ్రోగించు పెద్ద డ్రమ్ము తాళపు నాలుగు దెబ్బలకును గుండెలపై పడుచున్నట్లు మ్రోగెను. ఆ చిన్న గదులకు ఆ హోరు పట్టలేదు.

ఆ తరువాత రమారమి ఒక సంవత్సరకాలము మోనాయు, పీటును వారి కచేరీలను కుదుర్చుచుండిరి. ఎవరు పిలిచిరి, ఎప్పుడు పోవలెను, ఎంత సొమ్ము రావలెను అను లెక్కలు ఆ యింటినుండియే సాగెను. వారి యింటిలో అద్దెకుండిన నీల్ ఆస్పినాల్ అను యువకుడు వ్యాను నడిపెను. 1962 జూన్ 24వ తేదీన కాస్బాలో చివరి కచేరి జరిగెను. వాయించినవారు బీటిల్స్. అంతటితో క్లబ్బు మూతపడెను. రెండు నెలలైనను నిండకముందే, ఆగస్టు 16వ తేదీన, పీట్‌ను మేళమునుండి తొలగించిరి. కొలది కాలములోనే బీటిల్స్ పేరు లోకమంతట మ్రోగెను. ఆ మ్రోతలో పీట్ లేడు.

ఆ తల్లి మనసు ఎట్లుండెనో మేము వర్ణింపనేల? తన యింటిలో తన చేతి కాఫీ త్రాగిన పిల్లలు లోకప్రసిద్ధు లగుచుండగా, తన కొడుకు ఇంటికి తిరిగివచ్చెను. పీట్ తరువాత సుమారు ఇరువది సంవత్సరములు ప్రభుత్వ ఉపాధి కార్యాలయములో ఉద్యోగము చేసెను. 1988లో మరల వేదిక నెక్కెను. ఆ యేటనే మోనా కన్నుమూసెను. 1995లో బీటిల్స్ పాత పాటల సంపుట మొకటి వెలువడినప్పుడు అతడు వాయించిన పాటలకు అతనికి ప్రతిఫలము చేరెను. 2006లో ఆంగ్ల ప్రభుత్వము కాస్బాను రక్షింపదగిన కట్టడముల జాబితాలో చేర్చెను. తల్లి చేతి డ్రాగను నేడు చట్టముచే రక్షింపబడుచున్నది. కాని ఆ కథను చెప్పు పుస్తకములలో అనేకము ఆమెకు ఒకటి రెండు వాక్యములనే కేటాయించును.

మరి ఆమె శ్రమ వ్యర్థమా? కాదని మా యభిప్రాయము. బిడ్డ ప్రసిద్ధుడు కావలెనను కోరికతో ఆమె నేలమాళిగను కడిగియుండినచో అది వ్యర్థమే. ఆమె చేసిన పని వేరు. పిల్లల హోరు ఎచ్చటనో ఒకచోట మ్రోగక మానదు. అది తన కంటికి కనబడు చోట, తన చేతి కాఫీతో, తన హద్దులకు లోబడి మ్రోగవలెనని ఆమె యెంచెను. మూడు సంవత్సరములు ఆ పేట పిల్లలకు అట్టి చోటు దొరకినది. అదియే లాభము. ఈ కథ వలన మేము నేర్చుకొనిన దొక్కటే. చోటిచ్చినవారికే హద్దు గీయు హక్కు కలుగును. వెళ్లగొట్టినవారికి ఆ హక్కు ఉండదు.

కావున జాబు వ్రాసిన సోదరికి మా సమాధానమిది. పెట్టెలను వీధిలో పారవేయనీయకుడు. హద్దులను మాత్రము నేడే గీయుడు.

మొదటిది, వేళ. ఏ వేళనుండి ఏ వేళవరకు వాయింతురో నిర్ణయించి, ఆ సంగతి పొరుగువారికి మీ కుమారునిచేతనే చెప్పింపుడు. మీరు పోయి క్షమాపణ చెప్పుట కన్న అతడు పోయి అనుమతి యడుగుట మేలు. పొరుగింట పరీక్షలున్నను, జబ్బున్నను ఆ వారము సాధన మానవలెను.

రెండవది, చెవులు. లోచెవిలో ధ్వనిని గ్రహించు సున్నితమైన కణములు ఒకసారి నశించినచో మరల మొలవవు. ధ్వని బలమును డెసిబెల్ అను కొలతతో కొలుతురు. 85 డెసిబెల్‌ల ధ్వనిని దినమునకు 8 గంటలు మించి వినరాదని నిపుణు లందురు. ఆపై ప్రతి 3 డెసిబెల్‌ల హెచ్చునకు కాలము సగమగును. ఆ లెక్కన 100 డెసిబెల్‌ల వద్ద 15 నిమిషములే. చిన్న గదిలో డ్రమ్ములతో కూడిన రాక్ కచేరి ఆ కొలతను సులభముగా అందుకొనును. వినోదశాలలలో 15 నిమిషముల సగటు ధ్వని 100 డెసిబెల్‌లకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణ మేర్పరచినది. చెవిలో దూది పెట్టుకొనిన చాలదు. మందుల దుకాణములలో దొరకు మెత్తని చెవి బిరడాలను నలుగురును ధరింపవలెను. వాయించిన తరువాత చెవులలో గుయ్యిమని మ్రోగినచో అది హెచ్చరిక యని గ్రహింపుడు.

మూడవది, అగ్ని. ఇది మిక్కిలి ముఖ్యము. హోరు బయటికి పోకుండుటకు పిల్లలు గోడలకు స్పాంజి వంటి నురుగు పలకలను అంటింతురు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రమున 'స్టేషన్' అను చిన్న క్లబ్బులో 2003 ఫిబ్రవరి 20వ తేదీన రాక్ కచేరి మొదలగుచుండగా వేదికపై బాణసంచా వెలిగించిరి. నిప్పురవ్వలు గోడల నురుగునకు తగులగా కొద్ది నిమిషములలో భవనమంతయు అంటుకొనెను. జనులు తాము వచ్చిన తలుపు వైపే త్రొక్కుకొనుచు పరుగెత్తిరి. నూరుమంది మరణించిరి. కావున ఇంటి గదిలో నురుగు పలకలు వలదు. చప్పుడు తగ్గించుటకు తలుపునకు దళసరి దుప్పటి తెర కట్టి, నేలపై జంపఖానా పరచినచో కొంత మేలు. దీపములను, వేడెక్కు పెట్టెలను వాటికి తగులనీయకుడు. ఊరి హాలులో కచేరికి నిరభ్యంతరముగా పంపుడు. కాని ముందు రోజున మీరును, మీ యజమానియు కలసి పోయి ఆ హాలును చూచి రండు. బయటికి పోవు తలుపులు ఎన్ని? కచేరి సమయమున వాటికి తాళము వేయుదురా? లోపల బాణసంచా కాల్తురా? ఈ మూడు ప్రశ్నలకు తృప్తికరమైన జవాబు రానిచో ఆ హాలు వలదని చెప్పుటకు మీకు హక్కు కలదు. ఇంటిలో చోటిచ్చిన తల్లి మాట కనుక అతడు వినును.

కడపటి మాట మీ కుమార్తెను గూర్చి. జాబులో మీరు ఆమెను గూర్చి ఒక్క వాక్యమే వ్రాసితిరి. అన్న స్నేహితులు వచ్చినప్పుడెల్ల కాఫీ అందించుచున్నదని. మోనా కాలమున ఆ లివర్‌పూల్ నగరముననే 1963లో నలుగురు యువతులు గిటారులు, డ్రమ్ములు చేబూని 'లివర్‌బర్డ్స్' అను మేళము కట్టిరి. మరుసటి యేట హాంబర్గునకు పోయి అచ్చటి క్లబ్బులలో వాయించి పేరొందిరి. మీ బాలికకు ఆ డ్రమ్ముల వైపు చూపు పోవుచున్నదేమో ఒకసారి గమనింపుడు. పోవుచున్నచో కాఫీ పళ్లెమును అన్న చేతికిచ్చి, ఆమెను కొంతసేపు ఆ పీటపై కూర్చుండనిండు.

వచ్చు మాసమున ఆ హాలు కచేరి యెట్లు జరిగినదో మాకు తప్పక వ్రాయుడు. మీరును వెళ్లి, చెవులకు బిరడాలు పెట్టుకొని, వెనుక తలుపు దగ్గర నిలుచుండి వినుడు. పాట అర్థము కాకపోవచ్చును. మీ కుమారుని నుదుటి చెమట మాత్రము మీకు కనబడును.